పెళ్లికి ముందు బొటాక్స్: పార్లర్‌లో 4,999 ఆఫర్‌కి వెళ్లొచ్చా?

వయసు 44, వచ్చే నెల ఇంట్లో పెళ్లి, కనుబొమల మధ్య నిలువు గీతలు. కూకట్‌పల్లిలో మీకు తెలిసిన పార్లర్ వాళ్లు బొటాక్స్ (కండరాన్ని సడలించి గీతలు తగ్గించే ఇంజెక్షన్) ముఖమంతా కలిపి 4,999కి చేస్తామన్నారు, వెళ్లొచ్చా అని అడిగారు. వద్దండి. బొటాక్స్ వద్దని కాదు, అక్కడ వద్దు.

నేను కొన్నేళ్లుగా బంజారాహిల్స్‌లో ఒక చర్మవైద్యురాలి దగ్గర చేయించుకుంటున్నాను. ఈ మందుకి లెక్క యూనిట్లలో. కనుబొమల మధ్యకి మామూలుగా 20 యూనిట్లు, రెండు కళ్ల పక్కలకీ కలిపి 24. నా దగ్గర యూనిట్‌కి 300 తీసుకుంటారు. అంటే కనుబొమల మధ్యకే 6,000! మరి 4,999కి ముఖమంతా ఎలా వస్తుంది? మందు పొడిగా వస్తుంది, సెలైన్‌లో కలిపి వేస్తారు. ఎంత కలిపారో మనకి తెలియదు, పాలవాడి లెక్కే. అందుకే ‘ఎన్ని యూనిట్లు’ అని ముందే అడగండి. వయల్ (మందు సీసా) మీ ఎదురుగా ఫ్రిజ్‌లోంచి తీయించి పేరు, ఎక్స్‌పైరీ చూడండి. వేసేది డాక్టరేనా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా అన్నదీ కనుక్కోండి. మొహమాటపడితే నష్టం మనకే.

నొప్పి గురించి టెన్షన్ పడకండి. ‘కోపంగా చూడండి’ అంటారు (నాకు ప్రతిసారీ నవ్వే వస్తుంది), గీత పడేచోట తెల్ల పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, ఐస్ అద్ది, సన్నటి సూదితో వేస్తారు. సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటు కాబట్టి ఆ రోజు స్టిక్కర్ కూడా వద్దంటారు మా డాక్టర్. ఒక నాలుగు గంటలు పడుకోకూడదు, రుద్దకూడదు.

ముఖం బిగుసుకుపోతుందని భయపడ్డారు కదా, అది డోసు ఎక్కువైతే. నాకు వేయించుకున్నట్టు ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. మా ఆడపడుచు మాత్రం ‘ఈమధ్య బాగా నిద్రపోతున్నావా వదినా’ అంది. అయితే ముఖం చిట్లించకపోయినా కనిపించే లోతైన గీతలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు. ప్రభావం మూడు నాలుగు నెలలు.

పెళ్లికి కనీసం మూడు వారాల ముందే చేయించుకోండి. పనిచేయడం మొదలవడానికే మూడు నుంచి ఐదు రోజులు, పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పడుతుంది. కొద్దిమందికి కనురెప్ప కాస్త వాలుతుంది. కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది గానీ, పెళ్లి ఆల్బమ్‌లో మాత్రం అలాగే ఉండిపోతుంది! రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.

ముక్కు పక్క నుంచి పెదవి దాకా దిగే గీతల గురించి కూడా అడిగారు. వాటికి సాధారణంగా వేసేది బొటాక్స్ కాదు, ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్ లాంటి మందు. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే చూపుకే ప్రమాదం. పార్లర్ వాళ్లు ఫ్రీగా వేస్తామన్నా కూర్చోకండి.