పైన గట్టి, లోపల పచ్చి: సోలార్ గుడారంలో చేపలు

ప్రశ్న: మా సంఘం వాళ్లం వెదురు గడలతో పన్నెండు అడుగుల గుడారం కట్టుకున్నాం. పైన ఎండ దూరే తెల్ల పాలిథిన్, నేల మీద నల్ల షీటు, మధ్యలో వల బల్లలు. వేడి బయటికి పోకుండా గాలి కంతలు మూసి కానాగంతలు ఎండబెట్టాం. రెండో రోజుకే చెక్కల్లా గట్టిపడ్డాయి. సంచుల్లో కట్టిన వారానికి విరిచి చూస్తే వెన్నుముల్లు దగ్గర మెత్తగా ఉండి వాసన వేస్తున్నాయి. ఎందుకిలా? (ఉప్పాడ)

జవాబు: కంతలు మూయడమే కారణం. చేపను ఎండబెట్టేది వేడి ఒక్కటే కాదు, కదిలే పొడిగాలి కూడా. బయట 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమతో ఉన్న గాలి గుడారంలోకి వచ్చి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ దాదాపు 33 శాతానికి పడిపోతుంది. అలాంటి గాలి చేపలోని నీటిని గబగబా పీల్చుకుంటుంది. పీల్చుకున్న గాలి బయటికి పోతేనే కొత్త గాలి లోపలికి వస్తుంది. పోయే దారి లేకపోతే చేప ఎండదు, ఉడుకుతుంది. పొద్దున్నే పాలిథిన్ లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే గాలి ఆడడం లేదనే అర్థం.

పచ్చి చేపకు మొదట్లోనే 50 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పైకండ బిగిసి పెంకు కడుతుంది. లోపలి నీరు ఆ పెంకును దాటి రాలేదు. చేత్తో నొక్కితే ఎండినట్టే ఉంటుంది, కుళ్లు లోపల మొదలవుతుంది.

గాలి వీచే వైపు అడుగున షీటును గుడారం పొడవునా జానెడు ఎత్తి ఉంచండి. ఎదుటివైపు పైన, కొప్పు దగ్గర, అంతే పొడవున ఖాళీ వదలండి. రెండింటికీ దోమతెర బిగించాలి. థర్మామీటరును చేపల ఎత్తులో, ఎండ నేరుగా తగలకుండా వేలాడదీయండి. మొదటి నాలుగు గంటలు 45 డిగ్రీలు దాటనివ్వొద్దు. ఆ తర్వాత 50 వరకు ఫర్వాలేదు. వేడి ఎక్కువైతే కంతలు ఇంకా తెరవాలి, తగ్గితే కొంచెం దించాలి. ఈగలు పెట్టిన గుడ్లు, పురుగులు కూడా ఈ వేడి చాలా గంటలు నిలిస్తే చస్తాయి. అందుకని పురుగుమందు చల్లే పని పెట్టుకోకండి. అది తినేవాళ్ల కడుపులోకే పోతుంది.

కానాగంతలు, సావడాల లాంటి వాటిని పొట్ట తీసి, వెన్ను వెంట చీల్చి పరచాలి. బల్ల మీద ఒక్క వరసే వేయాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. సాయంత్రం తీసి కుప్ప పెట్టి, శుభ్రమైన గోనెపట్టా కప్పి, పైన బరువు పెట్టండి. రాత్రంతా లోపలి తేమ పైకి వస్తుంది, మర్నాడు త్వరగా ఆరుతుంది. చాలామంది వదిలేసే పని ఇదే, లాభమంతా ఇందులోనే ఉంది.

కానాగంతలు, కవళ్లు నూనె చేపలు. ఎండు సరుకును వెలుతురులో ఉంచితే పసుపెక్కి ముక్కిపోతాయి. చీకట్లో, గాలి చొరని సంచుల్లో దాచండి.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో అమ్ముకోవడానికి నెత్తళ్లు నిల్వ చేయాలి. బాగా ఎండాయని ఎలా తెలుస్తుంది? (పూడిమడక)

జవాబు: తూకం వేయండి. పచ్చి నెత్తళ్లలో నూటికి 75 నుంచి 78 పాళ్లు నీరే. ఉప్పు వేయనివి నిల్వ ఉండాలంటే 15 శాతానికి దిగాలి. ఆ లెక్కన 10 కిలోల పచ్చివి రెండున్నర, మూడు కిలోల మధ్యకు రావాలి. మూడున్నర దగ్గర ఆగితే మూట కట్టకండి. ఒక చిన్న వలసంచిలో కిలో విడిగా వేసి, గుర్తు పెట్టి, అదే బల్ల మీద ఉంచి రోజూ తూచితే చాలు. ఎండినవి పూర్తిగా చల్లారాకే సంచిలో వేయాలి. వేడిగా కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ప్రశ్న: ఉప్పు పెట్టి ఎండబెట్టిన సావడాల మీద గులాబీ రంగు మచ్చలు వచ్చాయి. తినొచ్చా? (నిజాంపట్నం)

జవాబు: అది ఉప్పులోనే బతికే సూక్ష్మజీవి. కొఠార్ల (ఉప్పు మడుల) ముతక ఉప్పుతో వస్తుంది, చేపలో తేమ మిగిలితే పెరుగుతుంది. మచ్చలు పైపైన ఉండి కండ గట్టిగా, వాసన లేకుండా ఉంటే చిక్కటి ఉప్పునీటిలో (10 లీటర్లకు 3.6 కిలోల ఉప్పు) రుద్ది కడిగి మళ్లీ ఎండబెట్టండి. జిగురు పట్టినా, వాసన వచ్చినా పారేయాల్సిందే.

ఈసారి చీల్చిన నాలుగు కిలోల చేపకు కిలో శుభ్రమైన ఉప్పు పట్టించి, ఒక పగలూ రాత్రీ ఊరనిచ్చి, పైన అంటిన ఉప్పును ఒక్క ముంచు ముంచి కడిగాకే ఎండకు వేయండి. ఆ ఉప్పు అలాగే ఉంటే వానాకాలంలో గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. ఒకసారి వాడిన ఉప్పును మళ్లీ వాడొద్దు. తొట్లనూ బల్లలనూ వేడినీళ్లతో కడిగి ఎండనివ్వండి. మచ్చలు వచ్చిన సరుకును కొత్త సరుకుతో ఒకే గదిలో పెట్టకండి.