మీరు అడిగారు: డంపర్ టైరు వేడెక్కితే గాలి తీయవచ్చా?

ప్రశ్న: ఓపెన్‌కాస్ట్ గనిలో 100 టన్నుల తరగతి డంపర్ నేర్చుకుంటున్నాను. ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి బండి ముందువైపు టైర్లు చెయ్యి పెట్టలేనంత కాలిపోతున్నాయి. కాస్త గాలి తీస్తే సరిపోతుందని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: తీయకండి. వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరగడం సహజం. ఇప్పుడు తీసేస్తే చల్లారాక తగ్గిపోతుంది. గాలి తగ్గిన టైరు పక్కలు ఇంకా ఎక్కువగా వంగుతాయి, ఆ వంగుడే మళ్లీ వేడి పుట్టిస్తుంది. చివరికి రబ్బరు పొరలు విడిపోతాయి.

ముందువైపు టైర్లే ఎందుకని అడగాలి. బండి లోడుతో 160, ఖాళీగా 68 టన్నులు అనుకోండి. లోడున్నప్పుడు ఆరు టైర్ల (ముందు రెండు, వెనక నాలుగు) మీదా తలా 27 టన్నుల దాకా పడుతుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక ఒక్కోదాని మీద 9 టన్నులే ఉంటే, ముందు ఒక్కోదాని మీద 16 ఉంటుంది. సగటున ముందు 21.5, వెనక 18. దీన్ని షిఫ్టు సగటు వేగంతో గుణిస్తే టీకేపీహెచ్ (టన్ను-కిలోమీటర్ పర్ అవర్, అంటే టైరు మీద పడే వేడి భారాన్ని చెప్పే అంకె) వస్తుంది. గంటకు 20 కిలోమీటర్లయితే ముందు 430, వెనక 360. టైరు కంపెనీ ఇచ్చిన టీకేపీహెచ్ అంకె దీనికంటే ఎక్కువ ఉండాలి. ఆ అంకె కూడా 38 డిగ్రీల ఎండకు లెక్కగట్టింది. రామగుండం మే నెలలో అది చాలదు.

కాబట్టి వేగం తగ్గించండి, అధిక లోడు ఆపమని షావెల్ ఆపరేటర్‌కు చెప్పండి, లీడ్ (లోడు మోసే దూరం) పెరిగితే లెక్క మళ్లీ వేయించండి. ఇంత పెద్ద టైరు పూర్తిగా చల్లారడానికి దాదాపు రోజు పడుతుంది. షిఫ్టు మారే విరామంలో గేజీ పెట్టి చూసింది చల్లని కొలత కాదు.

ప్రశ్న: వెనక చక్రం నట్లు తుప్పు పట్టి ఊడటం లేదు. టైరులో గాలి తీసేసి గ్యాస్‌తో వేడి చేయొచ్చా?
– ఒక పాఠకుడు, మణుగూరు

జవాబు: వద్దు. గాలి తీసినా ప్రమాదం పోదు. రిమ్ వేడెక్కితే లోపలి రబ్బరు మాడి మండే వాయువులు పుడతాయి. మంట ఆపిన చాలాసేపటికి కూడా టైరు పేలవచ్చు. నట్‌ను హైడ్రాలిక్ పరికరంతో చీల్చండి. వెల్డింగ్ తప్పదంటే ముందు టైరును రిమ్ నుంచి పూర్తిగా విడదీయాలి.

నట్లు వదులు చేసేముందు లోపలి, బయటి టైర్లు రెండింట్లోనూ గాలి తీయండి. లోపలి రిమ్ చీలి ఉంటే బయటి చక్రాన్ని మీ మీదికి విసిరేస్తుంది. వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి పిన్ను) తీశాక సన్న తీగ దూర్చి దారి మూసుకుపోలేదని చూసుకోండి.

నడుస్తున్న బండి టైరు నుంచి పొగ వస్తే నీళ్ల బకెట్‌తో దగ్గరికి వెళ్లకండి. చుట్టూ 300 మీటర్ల మేర మనుషుల్ని ఖాళీ చేయించి, 24 గంటలు ఎవరినీ రానివ్వకండి.