వినైల్ పలకలు ఉబ్బుతుంటే ముందు గోడ అంచు చూడండి

నేల మీద పరిచిన వినైల్ పలకలు మధ్యాహ్నం ఎండకు గది మధ్యలో ఉబ్బి, రాత్రికి కాస్త దిగుతుంటే, అది చాలావరకు తేమ వల్ల కాదు. క్లిక్ పలకలు (అంచులు ఒకదానిలో ఒకటి లాక్ అయ్యేవి) వేడికి సాగుతాయి, గోడ దగ్గర చోటు లేకపోతే పైకి లేస్తాయి. మామూలుగా 6 నుంచి 10 మి.మీ. ఖాళీ కావాలి, పెట్టె మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి.

1. ఉబ్బిన వరసకు రెండు చివరలా స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఊడదీయండి. పలక గోడకు ఆని ఉంటే కారణం దొరికినట్టే.

2. పలకలు విప్పక్కర్లేదు. గోడ వెంట ఆ ఖాళీ వచ్చేలా గీత గీసి మల్టీటూల్‌తో (అదిరే బ్లేడుతో కోసే కరెంటు పనిముట్టు) కోయండి. సందులో పడిన సిమెంటు పెళ్లలు, పొట్టు మొత్తం తీసేయండి.

3. అందరూ మరిచిపోయేది తలుపు దగ్గరే. నాలుగు గోడలూ కోసినా, చట్రం కాలికి పలక ఆని ఉంటే మళ్లీ ఉబ్బుతుంది. అక్కడా అంతే ఖాళీ ఉండాలి. గడప పట్టీ విప్పి చూడండి: స్క్రూ పలకలోంచి నేలలోకి దిగి ఉంటే, ఆ ఒక్కటే వరసంతా కదలకుండా పట్టేస్తుంది. పలకల మీద పెట్టి గోడకు బిగించిన బరువైన అల్మారా కూడా అంతే.

4. ఉబ్బు మీద నిలబడి తొక్కకండి, లాక్ నాలుక (పక్క పలకలోకి దూరే అంచు) విరుగుతుంది. ఖాళీ ఇచ్చాక మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే దిగుతుంది. అతుకు విడిపోయిన పలక మాత్రం మార్చాల్సిందే.

5. స్కర్టింగ్ మేకులు గోడకే కొట్టండి, పలకకు వద్దు.