రెండో కీపర్ ఎన్నాళ్లు కూర్చోవాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ గోల్‌కీపర్ల గురించే. నేనూ ఒకప్పుడు గోల్‌పోస్టుల మధ్య నిలబడినవాణ్ణే కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మొన్న మా టోర్నమెంటులో మా కీపర్ బంతి పట్టుకుని కాస్త ఆలస్యం చేశాడని రిఫరీ ఎదుటి జట్టుకు కార్నర్ ఇచ్చాడు. ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ కదా ఇవ్వాల్సింది? పెద్ద గొడవైంది.
– ఒక జట్టు కెప్టెన్, కావలి

రిఫరీ చేసింది సరైన పనే. మీరు చెబుతున్నది పాత రూలు. 2025 జూలై నుంచి కొత్త రూలు వచ్చింది. కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. ఇంతకు ముందు 6 సెకన్లని ఉండేది గానీ, దాన్ని పట్టించుకున్న రిఫరీలు తక్కువ. ఇప్పుడు చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క చూపిస్తాడు. మీ కీపర్‌ను ఆ చెయ్యి చూడమనండి.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా అబ్బాయికి 16 ఏళ్లు. గోల్‌కీపర్. పోయిన సంవత్సరం వేరే రాష్ట్రంలో ఒక అకాడమీలో సెలెక్టయ్యాడు. వెళ్లినప్పటి నుంచి రెండో కీపర్‌గా బెంచీ మీదే ఉన్నాడు. రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడుస్తాడు. వాళ్ల నాన్న తీసుకొచ్చి ఇంటర్‌లో చేర్పిద్దామంటున్నారు. వాడేమో ఇటలీకి చెందిన విటో మన్నోనె అనే కీపర్ గురించి ఎక్కడో చదివాడు. ఆయన కూడా పరాయి దేశంలో ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్నాడు, నేనూ కూర్చుంటాను అంటాడు. ఇది నిజమేనా? వాడు మొదటి నుంచీ పెద్దగా మాట్లాడని పిల్లవాడు. అందుకే నాకు టెన్షన్ ఎక్కువ.
– ఒక తల్లి, సింగరాయకొండ

అమ్మా, మీ వాడు చదివింది నిజమే. కాకపోతే సగమే చదివాడు. మిగతా సగం నేను చెబుతాను, ఈసారి ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించండి.

మన్నోనె 1988 మార్చి 2న మిలాన్ దగ్గరున్న డెజియో అనే ఊళ్లో పుట్టాడు. బెర్గామోలోని అటలాంటా క్లబ్ యూత్ జట్టులో ఆట నేర్చుకున్నాడు. పిల్లలను తయారు చేయడంలో ఇటలీలో ఆ క్లబ్బుకు మంచి పేరుంది. 2005లో, 17 ఏళ్ల వయసులో, దాన్ని వదిలి లండన్ వెళ్లి ఆర్సెనల్‌లో చేరాడు. అక్కడ ముందున్నది ఎవరనుకున్నారు? జర్మనీ కీపర్ యెన్స్ లేమన్. 2003-04లో ఆర్సెనల్ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచినప్పుడు 38 మ్యాచ్‌లూ ఆడినవాడు. ఆయన వెనక స్పెయిన్ నుంచి వచ్చిన ఆల్మునియా. 2007లో పోలండ్ నుంచి ఫాబియాన్‌స్కీ వచ్చాడు. ఆ తర్వాత అదే దేశానికి చెందిన ష్చెస్నీ, మన్నోనె కంటే రెండేళ్లు చిన్నవాడు, కళ్ల ముందే దాటుకుని మొదటి స్థానానికి వెళ్లిపోయాడు. కీపర్‌గా ఉన్నవాడికి ఇంతకంటే కష్టం లేదు. ఫార్వర్డ్ ఆటగాణ్ణి చివరి పది నిమిషాలకైనా దింపుతారు. కీపర్‌ను మార్చరు. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, రెడ్ కార్డు పడాలి, లేదా కోచ్ మనసు మారాలి.

2005 నుంచి 2013 దాకా ఎనిమిదేళ్లలో మన్నోనె ఆర్సెనల్ తరఫున ఆడిన లీగ్ మ్యాచ్‌లు 15. మీ వాడు చదివింది ఈ లెక్కే అయ్యుంటుంది.

ఇక వాడు చదవని సగం. మన్నోనె ఆ ఎనిమిదేళ్లూ ఒకే బెంచీ మీద కూర్చోలేదు. మ్యాచ్‌లు దొరికే చోటుకు వెళ్లి ఆడాడు. 2006లో బార్న్‌స్లీ అనే చిన్న క్లబ్బుకు లోన్ మీద వెళ్లాడు. 2010-11లో హల్ సిటీకి వెళ్లాడు, 2012 జనవరిలో మళ్లీ అక్కడికే వెళ్లాడు. అప్పట్లో ఇవన్నీ ఇంగ్లండ్‌లో రెండో అంచె లీగ్ జట్లు. లోన్ అంటే, ఆటగాడు పెద్ద క్లబ్బు మనిషిగానే ఉంటూ కొన్నాళ్లు ఇంకో జట్టుకు ఆడటం. పెద్ద క్లబ్బులో కూర్చునే బదులు చిన్న క్లబ్బులో గోల్స్ తిని, అరిచి, దెబ్బలు తగిలించుకుని నేర్చుకోవడానికే పంపుతారు.

2009లో అతనికి ఎదురైన రోజులు చూడండి. మే నెలలో, ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో, స్టోక్ సిటీ మీద ఆర్సెనల్ 4-1తో గెలిచిన రోజున ఆ జట్టుకు అతని మొదటి మ్యాచ్. సెప్టెంబర్‌లో ఆల్మునియాకు జబ్బు చేసింది, ఫాబియాన్‌స్కీకి దెబ్బ తగిలింది. 21 ఏళ్ల మన్నోనె బెల్జియంలో స్టాండర్డ్ లీజ్ మీద, యూరప్ పెద్ద క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో దిగాడు. జట్టు మొదట్లోనే 0-2తో వెనకబడి చివరికి 3-2తో గెలిచింది. పది రోజులకు ఫుల్హామ్ మైదానంలో ఆర్సెనల్ 1-0తో గెలిచింది. గోల్ కొట్టింది వాన్ పెర్సీ, నిలబెట్టింది మాత్రం మన్నోనె. మీ వాడికి ఆ మ్యాచ్ వీడియో దొరికితే గోల్ ఆపిన క్షణాలే కాదు, వాటికి ముందు అతని కాళ్లు ఎలా కదిలాయో చూడమనండి. అక్టోబర్ చివర్లో వెస్ట్ హామ్‌తో 2-0 ఆధిక్యం నుంచి 2-2తో ముగిసిన మ్యాచ్ ఒకటి ఆడాడు. ఆ తర్వాత ఆల్మునియా కోలుకుని వచ్చాడు. మన్నోనె మళ్లీ బెంచీకి వెళ్లాడు.

2013లో ఇంగ్లండ్‌లోనే సండర్లాండ్ క్లబ్బుకు మారినప్పుడు కూడా అక్కడ రెండో కీపరే. నవంబర్‌లో మొదటి కీపర్ వెస్ట్‌వుడ్ గాయపడ్డాక ఇతని వంతు వచ్చింది. అప్పటికి 25 ఏళ్లు. 2014 జనవరి 22న మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానంలో లీగ్ కప్ సెమీఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో రెండు జట్లూ చెరో గోల్ కొట్టాయి, రెండు మ్యాచ్‌ల మొత్తం 3-3 అయింది, పెనాల్టీలకు వెళ్లింది. పది కిక్కుల్లో గోలైనవి మూడే. మన్నోనె యానుజాయ్ కిక్ ఆపాడు, ఆఖరి కిక్ రఫాయెల్‌ది, అదీ ఆపాడు. సండర్లాండ్ ఫైనల్‌కు చేరింది. ఆ ఫైనల్ మార్చి 2న, అంటే అతని 26వ పుట్టినరోజున, వెంబ్లీలో జరిగింది. మాంచెస్టర్ సిటీ చేతిలో 1-3తో ఓడారు. అయినా ఆ సీజన్‌లో లీగ్ నుంచి దిగిపోవాల్సిన జట్టు నిలబడింది. సండర్లాండ్ ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైంది మన్నోనెనే.

అక్కడితో అంతా కుదిరిపోయిందనుకోకండి. అదే ఏడాది అక్టోబర్‌లో సౌతాంప్టన్‌తో 0-8తో ఓడారు. అభిమానుల టికెట్ డబ్బులు ఆటగాళ్లే తిరిగి ఇచ్చారు. కొద్దిరోజులకే మన్నోనె స్థానం ఇంకొకరికి పోయింది. తర్వాత రెడింగ్ వెళ్లాడు, అక్కణ్ణించి లోన్ మీద అమెరికాలోని మిన్నెసోటాకు వెళ్లాడు. 2019లో అక్కడి లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు అందుకున్నాడు. అప్పుడతనికి 31 ఏళ్లు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. మీ వాణ్ణి ఇప్పుడే తీసుకురావద్దు. కానీ ఊరికే కూర్చోనివ్వవద్దు కూడా. అకాడమీకి ఫోన్ చేసి, వీలైతే మీ ఆయన్ని స్వయంగా పంపి కోచ్‌ను అడగండి: ఈ ఏడాది మా వాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు? ప్రాక్టీస్ సంగతి కాదు, మ్యాచ్‌ల సంగతి. రెండో జట్టు ఉందా, అక్కడి లోకల్ లీగ్‌లో వేరే క్లబ్బుకు ఆడనిస్తారా, కీపర్లకు విడిగా కోచ్ ఉన్నాడా అని కూడా కనుక్కోండి. మ్యాచ్‌లు దొరికే దారి చూపిస్తే ఇంకో సీజన్ ఉంచండి. ఏడాది పొడుగునా ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా, రేపు మాపు అంటూ ఉంటే సీజన్ అయిపోగానే నిస్సంకోచంగా పిలిపించేయండి. ఇంకో జట్టు వెతుకుదాం, నాకు రాయండి.

నేను నెల్లూరులో ఆడే రోజుల్లో కాలేజీ జట్టు రెండో కీపర్ అంటే వీఆర్సీ గ్రౌండు గోడ అవతల పడిన బంతులు తెచ్చేవాడే. ఆ పని నేనూ చేశాను. ఆదివారాలు బిట్రగుంట వైపు వెళ్లి రైల్వే కుర్రాళ్లతో ఆడిన మ్యాచ్‌ల్లోనే నాకు కీపింగ్ వచ్చింది. మట్టి నేల మీద దూకి మోకాళ్లు చెక్కుకుపోయేవి, ఫార్వర్డ్‌లు నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు. కాలేజీ బెంచీ మీద ఏడాది కూర్చున్నా అంత నేర్చుకునేవాణ్ణి కాను.

పెద్దగా మాట్లాడడని రాశారు. దీని మీద మాత్రం గట్టిగా చెప్పండి. కీపర్ అరవాలి. మైదానం మొత్తం కనిపించేది అతనికొక్కడికే. ఎవరు వెనకొస్తున్నారో, ఎటు జరగాలో డిఫెండర్లకు అతనే చెప్పాలి. అక్కడి పిల్లలు ఏ భాష మాట్లాడితే ఆ భాషలో ‘నాది’, ‘వదిలెయ్’, ‘ఎడమ పక్క’, ‘వెనక మనిషి’ లాంటి మాటలు ముందు నేర్చుకోమనండి. ప్రాక్టీస్‌లో గొంతు వినిపించే కీపర్ మీద కోచ్ కన్ను పడుతుంది, ఇది నేను చాలామంది పిలకాయల విషయంలో చూశాను.

చదువు సంగతి. ఆట కోసం చదువు మానక్కర్లేదు. ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ద్వారా అక్కడే ఉండి ఇంటర్‌తో సమానమైన పరీక్ష రాయవచ్చు. ఈ మాట వాళ్ల నాన్నకు చెబితే సగం గొడవ తగ్గుతుంది. ఇక ఏడుపు గురించి భయపడకండి. 16 ఏళ్లవాడు అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తున్నాడంటే మీ దగ్గర ఏదీ దాచడం లేదన్న మాట. ఫోన్ చేయడం మానేసిన రోజు మాత్రం రైలెక్కి వెళ్లండి.

ప్రశ్న: నా కొడుకు కూడా కీపరే, 15 ఏళ్లు. ఇటలీలో క్లబ్ కాంట్రాక్టు ఖాయం, ముందు నాలుగు లక్షలు కట్టండి అంటూ ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. పొలం కాగితాలు పెడితే డబ్బు వస్తుంది. పంపమంటారా?
– ఒక రైతు, పొదిలి

వద్దు తమ్ముడూ. పొలం కాగితాలు బీరువాలోనే ఉంచు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మారకూడదు. కొద్దిపాటి మినహాయింపులున్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అయితే 16 నిండితే చాలు. పైన చెప్పిన మన్నోనె 17 ఏళ్లకే ఇటలీ నుంచి ఇంగ్లండ్ వెళ్లగలిగింది అందుకే, అప్పుడు రెండు దేశాలూ ఆ యూనియన్‌లో ఉన్నాయి. బ్రిటన్ బయటికొచ్చాక, 2021 నుంచి, ఇంగ్లండ్ క్లబ్బులు 18 నిండని విదేశీ పిల్లలను తీసుకోలేవు. ఇటలీ కుర్రాడికే ఆ దారి మూసుకుపోయింది. పొదిలి నుంచి వెళ్లే 15 ఏళ్ల పిల్లవాడికి ఇటలీలో కాంట్రాక్టు ‘ఖాయం’ అని చెప్పేవాడు నిజం చెప్పడం లేదు.

ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి. అది చూపించమని అడుగు. క్లబ్ పేరు చెబితే ఆ క్లబ్బుకే నేరుగా మెయిల్ రాయించు. వాడు ఫోన్ పెట్టేసి మళ్లీ చేయకపోతే సంతోషమే.

మనవాళ్లు బయటికి వెళ్లరని కాదు. గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఈస్ట్ బెంగాల్ నుంచి 2014లో నార్వేలోని స్టాబెక్ క్లబ్బుకు వెళ్లాడు. అప్పటికి 22 ఏళ్లు, ఇక్కడ ఆడి పేరు తెచ్చుకున్నాకే వెళ్లాడు. అక్కడా మొదట్లో వెనకే ఉండి, 2016లో యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో దిగాడు. మీ వాడికి ముందు జిల్లా జట్టు, తర్వాత రాష్ట్ర జట్టు, ఏఐఎఫ్‌ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్. ఆ నాలుగు లక్షల్లో కొంచెం పెట్టి మంచి గ్లవ్స్, బూట్లు కొను.

ప్రశ్న: సార్, నేను ఎనిమిదో తరగతి. స్కూల్ టీమ్‌కి కీపర్‌ని. పొట్టిగా ఉన్నానని పీఈటీ మేడమ్ నన్ను డిఫెన్స్‌లోకి వెళ్లమంటున్నారు. పొట్టివాళ్లు కీపర్ అవ్వలేరా?
– ఒక విద్యార్థిని, ఆత్మకూరు

అవుతారు తల్లీ. ఇటలీ వాళ్ల కథే ఇంకొకటి చెబుతాను. డినో జోఫ్‌ను 14 ఏళ్లప్పుడు ఇంటర్ మిలాన్, యువెంటస్ రెండు క్లబ్బులూ పొట్టిగా ఉన్నాడని వెనక్కి పంపించేశాయి. గుడ్లు తినమని వాళ్ల నాయనమ్మ వెంటపడేదట. తర్వాత పొడుగెదిగాడు, అదే యువెంటస్‌కు ఏళ్ల తరబడి ఆడాడు. 1982లో 40 ఏళ్ల వయసులో ఇటలీ కెప్టెన్‌గా వరల్డ్ కప్ ఎత్తాడు. నీకింకా ఎదిగే వయసుంది.

అయితే మేడమ్‌తో వాదించకు. కొన్నాళ్లు డిఫెన్స్‌లో ఆడితే కాళ్లతో బంతి ఆడటం వస్తుంది, ఇప్పటి కీపర్లకు అది తప్పనిసరి. స్కూలయ్యాక రోజూ గోడకు బంతి కొట్టి రెండు చేతులతో పట్టు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, నువ్వు గీత మీదే నిలబడితే చాలా ఖాళీ కనిపిస్తుంది. ఫార్వర్డ్ బంతితో వస్తుంటే రెండు మూడు అడుగులు ముందుకు రా, ఆ ఖాళీ తగ్గుతుంది. ఎక్కడ నిలబడాలో తెలిసిన కీపర్ ఎక్కువ దూకాల్సిన పని ఉండదు. జిల్లా స్కూల్ గేమ్స్‌లో ఆడితే ఏ తేదీనో రాయి, నేను చూడటానికి వస్తాను.