సమాధి మీద అంత జరీ ఎందుకు?

ప్రశ్న: నేను మగ్గం వర్క్ నేర్పుతుంటాను. ఈమధ్య రొమేనియాలోని ఒక మఠం ఫొటో చూశాను. పట్టు మీద నిలువెత్తు రాణి బొమ్మ, కళ్లు మూసుకుని ఉంది. అది గోడకు తగిలించేదా? అంత ఖరీదైన పని మఠానికి ఎందుకిచ్చారు? రాణులే కుట్టేవాళ్లా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీరు చూసింది పుత్నా మఠంలోని మరియా రాణి బొమ్మ అయ్యుంటుంది. గోడకు కాదండీ, సమాధి మీద కప్పడానికి చేయించింది. దర్గాలో చాదర్ కప్పుతారు కదా, అలాగన్నమాట. కాకపోతే కింద పడుకున్న మనిషే పైన గుడ్డ మీద కూడా ఉంటుంది.

మొల్డావియాను (ఆ మఠం ఉన్న ప్రాంతం అప్పట్లో ఈ రాజ్యంలోదే) 1457 నుంచి 1504 దాకా ఏలిన స్టెఫాన్ రాజుకి ఈవిడ రెండో భార్య. క్రిమియాలోని మంగోప్ నుంచి 1472లో కోడలిగా వచ్చింది, 1477 డిసెంబరులో పోయింది. ఫొటో కాస్త పెద్దది చేసి చూడండి: కిరీటం నుంచి చెంపల పక్కగా దిగిన వేలాడే గొలుసులు, ఒకదాని మీద ఒకటి పెట్టిన చేతులు, మూసిన రెప్పలు. అంచు మూలల దగ్గర రెండు తలల గద్ద కనిపిస్తుంది, అది బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, చక్రవర్తుల ఇంటి గుర్తు. ఆ చక్రవర్తుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ 1453లోనే పడిపోయింది, ఈవిడ పుట్టిల్లు మంగోప్ కూడా 1475లో తురుష్కుల చేతికి చిక్కింది, అయినా గద్ద మాత్రం దర్జాగా ఉంది!

పని తీరు మీకు కొత్తేం కాదు. జరీని గుడ్డలోంచి లాగరు, పైన పరిచి సన్నటి పట్టుదారంతో అక్కడక్కడా బిగిస్తారు, దాంతో బంగారం వెనక్కి పోయి దండగవదు. ముఖానికి మాత్రం ఒంటిరంగు పట్టుదారం.

ఎందుకిచ్చారంటారా, మన గుళ్లో ట్యూబ్‌లైట్ మీద కూడా దాత పేరు రాయిస్తారా లేదా? అక్కడా అంతే. మఠానికిచ్చే తెరల మీదా వస్త్రాల మీదా దాత పేరు కుట్టించేవాళ్లు, పూజలో అది బయటికి తీసినప్పుడల్లా సన్యాసులు తమని తలుచుకోవాలని.

సాధారణంగా కుట్టేది పనివాళ్లే. కానీ సెర్బియాలో యెఫీమియా అని ఒకావిడ ఉండేది. సెర్బియా పాలకుల్లో ఒకడైన భర్త ఉగ్లేషా 1371లో మరిత్సా యుద్ధంలో పోతే సన్యాసం పుచ్చుకుంది. 1399లో గ్రీసులోని ఆథోస్ కొండ మీది హిలాందర్ మఠానికి తన పేరు కుట్టిన గర్భగుడి తెర పంపింది. ఆవిడ తండ్రినీ, పసివాడుగా పోయిన ఒక్కగానొక్క కొడుకునీ అక్కడే పాతిపెట్టారు. ఆ కొండ మీదికి ఆడవాళ్లని రానివ్వరు, ఇప్పటికీ.

మీ పిల్లలకి చూపించాలంటే 1402లో ఆవిడే చేసిన ఇంకో గుడ్డ వెతకండి. కొసావో యుద్ధంలో చనిపోయిన సెర్బియా ప్రభువు లాజర్ అవశేషాల మీద కప్పడానికి చేసింది, ఇప్పుడు బెల్‌గ్రేడ్‌లో చర్చి మ్యూజియంలో ఉంది. అంచు తప్ప బొమ్మల్లేవు. ఎర్ర పట్టు మీద వరసలు వరసలుగా బంగారు అక్షరాలే, మాటలు కూడా ఆవిడవే. అక్షరాలు కుట్టమంటే మీ పిల్లలు ఎంత విసుక్కుంటారో మీకే తెలుసు.