లాక్‌లో దిగుతుంటే పడవ వెనక భాగం ఆనిపోతోంది: సమాధానం

కాలువ లాక్‌లో, అంటే నీటిమట్టం మార్చి పడవను దించే గేట్ల గదిలో, దిగుతుంటే మీ నేరోబోట్ (సన్నటి పొడవాటి కాలువ పడవ) వెనక భాగం పైనే నిలిచిపోయి ముక్కు కిందికి వాలిందన్నారు కదండీ, అది సిల్ మీద కూర్చుంది. పై గేట్ల కింద నీళ్ళలో దాగి ఉండే గట్టు అది, నీళ్ళు తగ్గాకే కనబడుతుంది. లాక్ అంచున తెల్ల గీత చూడండి. చుక్కానితో సహా వెనక భాగమంతా ఆ గీతకు బాగా ముందుండాలి. ఇంజన్ న్యూట్రల్‌లో వదిలి కబుర్లలో పడితే పడవ వెనక్కి జారుతుంది. పడవ మధ్యలోని తాడు కట్టేయకండి. బొల్లార్డుకు (గట్టు మీద తాడు కట్టే గుంజకు) ఒక చుట్టు వేసి, నీళ్ళు దిగేకొద్దీ వదలాలి.

మళ్ళీ ఆనితే ముందు కింది ప్యాడిల్స్ (లాక్‌లోకి, బయటికి నీళ్ళు వదిలే చిన్న తలుపులు) మూయండి. ఆ తర్వాతే పైవి, అదీ కొద్దికొద్దిగా తెరవండి. నీళ్ళు నిండితే పడవ తనంతట తేలుతుంది. ఇంజన్‌తో ముందుకు లాగారంటే వెనక భాగం ధబాలున పడి, ముక్కు మునుగుతుంది.

ఉన్నది ఇద్దరే కాబట్టి ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు విండ్‌లాస్ (ప్యాడిల్స్ తిప్పే పిడి) చేతపట్టుకుని కింది ప్యాడిల్స్ దగ్గరే ఉండాలి. విండ్‌లాస్ ప్యాడిల్ ఇరుసుకే వదిలేస్తే, గేరు పళ్ళను పట్టి ఉంచే కొక్కెం జారినప్పుడు గిర్రున తిరిగి ఎగిరిపడుతుంది. ఇంజన్ మోతలో కేకలు వినబడవు. తల మీద చేతులు అడ్డంగా పెడితే 'మూసెయ్' అని ముందే అనుకోండి.