జెర్మేనియం ఫజ్ తయారుచేసే ముందు మే నెలను గుర్తు తెచ్చుకోండి

ప్రశ్న: "ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ కొనేసరికి డబ్బులు అయిపోయాయి. ఆంప్లిఫయర్, ఫజ్ పెడల్ హాస్టల్ గదిలోనే తయారు చేసుకోవచ్చా? అసలైన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?"

మొదటిదానికి జవాబు చిన్నదే: చేసుకోవచ్చు, తప్పకుండా చేసుకోండి. (ఫజ్ పెడల్ అంటే గిటార్ స్వరాన్ని కావాలనే గరుకుగా మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె. జెర్మేనియం అంటే సిలికాన్ రాకముందు ట్రాన్సిస్టర్లు చేసిన పదార్థం.) నన్ను ఈ పూట ఇక్కడ కూర్చోబెట్టింది రెండో ప్రశ్న. గిటార్ చేతికొచ్చిన ప్రతి కుర్రాడికీ ఈ జెర్మేనియం మోజు ఎవరు అంటిస్తున్నారో తెలియదు గానీ, వాళ్లెవరూ విజయవాడలో వేసవి గడిపినవాళ్లు మాత్రం కారు.

1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ ఫజ్ ఫేస్ పెడల్ తెచ్చింది. లోపల ఉన్నవి రెండే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలు పెట్టాడు కాబట్టి అది పూజాపీఠం అయిపోయింది. అదే హెండ్రిక్స్ తర్వాత సిలికాన్ రకం కూడా వాడాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఇంగ్లండ్ చలిలో గీసిన సర్క్యూట్‌ను ఒక్క రెసిస్టర్ కూడా మార్చకుండా మనం దింపుకొని, శబ్దం రాకపోతే సోల్డరింగ్‌ను తిట్టుకుంటాం.

విజయవాడ సత్యనారాయణపురంలో నా మిత్రుడొకడు ఇలాగే పట్టుబట్టాడు. పాడైపోయిన ట్రాన్సిస్టర్ రేడియోలోంచి ఏసీ 128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్ల జత పీకి, అందమైన ఫజ్ పెడల్ చేశాడు. డిసెంబరులో అది నిజంగానే బాగా పలికింది, కాదనను. వాల్యూమ్ కాస్త తగ్గిస్తే మెత్తబడేది, పెంచితే ముద్దగా గర్జించేది. సిలికాన్ వాడమన్నాను. నవ్వాడు.

మే నెలలో వాళ్ల అపార్ట్‌మెంట్ మేడ మీద కార్యక్రమం. సాయంత్రం ఆరు దాటినా శ్లాబు ఇంకా కాలుతూనే ఉంది. వాడు పెడల్‌ను ఆ శ్లాబు మీదే పెట్టాడు. మొదటి పాట సగంలో స్వరం తెగడం మొదలైంది. తీగ మీటిన క్షణం మాత్రం బరబరమని, వెంటనే మౌనం. బ్యాటరీ మార్చాడు, తీగలు కదిపి చూశాడు, చివరికి పాటకు తాళం వేసే కుర్రాడి మీద కూడా అరిచాడు. నేను కింద సోడా బండి దగ్గరకు వెళ్లి, ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేయించుకుని వచ్చి పెడల్ మీద పెట్టాను. కాసేపటికి గొంతు తిరిగొచ్చింది. ఐసు కరిగాక మళ్లీ పోయింది. ఆ రాత్రంతా జ్వరం వచ్చిన పిల్లాడికి తడిగుడ్డ వేసినట్టు దానికి సేవ చేస్తూనే ఉన్నాం.

కారణంలో మాయేమీ లేదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో బేస్‌కు (సంకేతం ఇచ్చే కాలుకు) ఏమీ ఇవ్వకపోయినా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. పాత ఏసీ 128లలో అది వందల మైక్రోఆంపియర్లు ఉండవచ్చు. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ లీకేజీ సుమారు రెట్టింపవుతుంది. ఫజ్ ఫేస్‌లో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (సంకేతం బయటికొచ్చే కాలు) 4.5 ఓల్టుల చుట్టుపక్కల నిలబడాలి. లీకేజీ పెరిగితే ఆ బయాస్, అంటే ఆ నిలకడ ఓల్టేజీ, తప్పిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మల్టీమీటర్‌లో గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో) చూసుకుంటారు కదా, అది లీకేజీని కూడా గెయిన్‌గానే లెక్కవేస్తుంది. అదే ట్రాన్సిస్టర్ సంక్రాంతికి ఒక అంకె, రోహిణి కార్తెకు ఇంకో అంకె చూపిస్తుంది.

ఆ రేడియో ఇచ్చిన మెకానిక్ గారికి ఇదంతా చెబితే ఆశ్చర్యపోలేదు. "ఆ జత పక్కనే థర్మిస్టర్ ఉండాలి బాబూ, అది కూడా తీసుకెళ్లారా?" అని అడిగారు. థర్మిస్టర్ అంటే వేడిని బట్టి నిరోధం మారే భాగం; వేడెక్కినప్పుడు బయాస్ తగ్గించడానికి రేడియోల్లో దాన్ని పెట్టేవారు. వరండాలో మోగే రేడియోకు చేసిన ఏర్పాటు వేల రూపాయల పెడల్‌కు ఉండదు!

అందుకని బీసీ 108, బీసీ 109 అనే సిలికాన్ ట్రాన్సిస్టర్లు వాడండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ఆన్‌లైన్‌లో "అసలైన పాత స్టాకు" అని అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. జె201 (పెడళ్లలో వాడే ఇంకో ట్రాన్సిస్టర్) అని ముద్ర వేసి ఏ ట్రాన్సిస్టర్ పంపిస్తారో వాళ్లకే ఎరుక. సిలికాన్‌తో ఇంకో సుఖం ఉంది. ఏసీ 128 పీఎన్‌పీ రకం, ఇవి దానికి తిరగేసిన ఎన్‌పీఎన్ రకం కాబట్టి గ్రౌండ్ నెగటివ్ అవుతుంది, మిగతా పెడళ్ల అడాప్టర్‌నే పంచుకోవచ్చు. శబ్దం గరుకుగా ఉందనిపిస్తే, లేదా మధ్యలో ఆకాశవాణి వార్తలు వినిపిస్తే (నిజంగానే వినిపిస్తాయి), కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య 220 పీకోఫారడ్ల కెపాసిటర్ ఒకటి వేయండి.

ఆంప్లిఫయర్ సంగతి. ట్రాన్సిస్టర్ ఆంప్ అనగానే ముక్కు చిట్లించే వాల్వు భక్తులను పట్టించుకోకండి. రోలాండ్ జేసీ 120 ఆంప్ పుట్టింది 1975లో, దానిలో ఒక్క వాల్వు లేదు. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ ఏళ్ల తరబడి వాయించిన ల్యాబ్ సిరీస్ ఎల్5లోనూ లేదు. మీకు టీడీఏ 2030 అనే ఆంప్లిఫయర్ చిప్ ఉన్న బోర్డు చాలు. స్థానికంగా హోం థియేటర్లు అసెంబుల్ చేసేవాళ్ల పుణ్యమా అని ఆ బోర్డు ఎక్కడైనా దొరుకుతుంది. అయితే గిటార్‌ను నేరుగా దానికి తగిలించవద్దు. ఆ బోర్డు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సంకేతానికి అది చూపే నిరోధం) సాధారణంగా 22 కిలో ఓమ్‌లు, తీగల కంపనాన్ని పట్టే పికప్‌కు కావలసింది ఒక మెగా ఓమ్. తేడా ఉంటే పై స్వరాలన్నీ చచ్చిపోతాయి. ముందు టీఎల్ 072 చిప్‌తో బఫర్ (పికప్ మీద భారం పడకుండా చూసే చిన్న సర్క్యూట్) పెట్టండి. అది లేకపోతే మీ కాలేజీ ల్యాబ్‌లో మూలన పడి ఉండే బీఎఫ్‌డబ్ల్యూ 10 ట్రాన్సిస్టర్ అయినా పనిచేస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12 (మధ్య తీగకు రెండు వైపులా 12 ఓల్టులు ఇచ్చేది) వద్దు, 9-0-9 తీసుకోండి. మన దగ్గర అర్ధరాత్రి కరెంటు ఒక్కోసారి 250 ఓల్టులు దాటుతుంది. అప్పుడు 12-0-12 నుంచి వచ్చే డీసీ ఆ చిప్ పరిమితి అయిన 18 ఓల్టులను తాకుతుంది. 9-0-9 మీద ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు ఐదారు వాట్లు వస్తాయి. హాస్టల్ వార్డెన్ తలుపు తట్టడానికి అది సరిపోతుంది. మిగిలిన డబ్బంతా స్పీకర్ మీద పెట్టండి. గిటార్ స్పీకర్ ఐదు కిలోహెర్ట్జ్ దాటాక తగ్గిపోతుంది, ఫజ్‌లోని రంపపు మోత అక్కడే ఆగిపోతుంది. ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) ఉన్న పెట్టెలో వాయించి "ట్రాన్సిస్టర్ శబ్దం బాగా లేదు" అనేవాళ్లతో వాదించి వాదించి అలసిపోయాను.

ఇక ఎర్త్. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. మీ చేతిలో ఉన్నవి ఇనుప తీగలు. మూడు పిన్నుల ప్లగ్ పెట్టి, ఎర్త్ తీగను లోహపు ఛాసీకి (ఆంప్ పెట్టెకు) బోల్టుతో బిగించండి. మీ గది సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. లేదని తేలితే అది సరిచేసేదాకా కరెంటు ఆంప్ మాటే వద్దు. కారు రేడియోల్లో వాడే టీడీఏ 2003 చిప్ పెట్టి, 12 ఓల్టుల బైకు బ్యాటరీ మీద వాయించుకోండి. బ్యాటరీ తీగకు ఫ్యూజు మరవద్దు.